నానో కణం చర్మం దాటుతుందా?

(నల్లగొండలో ఫార్మసీ, సైన్సు విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, రైతులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం, చివర అడిగిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ్టి ప్రశ్న ఒక్కటే. నానో కణాలు మన తోలు గుండా ఒంట్లోకి పోతాయా, పోవా? జవాబు ముందే చెప్పేస్తాను. గాయం, పగులు లేని చర్మం మీద పడ్డ గట్టి కణం, మరీ చిన్నదైతే తప్ప, కణంగా లోపలికి పోవడం చాలా అరుదు. ఆ కణం చెమటలో కరిగితే వచ్చే అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) మాత్రం కొద్దిగా పోతాయి. చర్మం చెడిపోయి ఉన్నచోట కణమే పోగలదు. ఈ మూడింటినీ కలగాపులగం చేసుకుని సన్‌స్క్రీన్ డబ్బా మీద నానో అని చూసి భయపడుతున్నాం, కారుతున్న పురుగుమందు పంపును వీపుకు తగిలించుకుని పత్తి చేన్లోకి మాత్రం నిశ్చింతగా పోతున్నాం. నా బాధంతా ఇదే. అందుకే రెండూ కలిపి మాట్లాడతాను.

ముందు కొలతలు. మీటరులో వంద కోట్లో వంతు ఒక నానోమీటరు. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్నదాన్ని నానో కణం అంటున్నాం. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. ఎర్ర రక్తకణం వెడల్పు 7 వేల పైచిలుకు. కరోనా వైరస్ 100కు అటూ ఇటూ. ఎండకు రాసుకునే క్రీముల్లోని జింక్ ఆక్సైడ్ కణాలు ఎక్కువగా 30 నుంచి 200 మధ్య ఉంటాయి. క్రీములో అవి విడివిడిగా ఉండవు, గుంపులు గుంపులుగా అతుక్కుని ఉంటాయి. కాబట్టి డబ్బా మీద రాసిన సైజు, చర్మాన్ని నిజంగా తాకే సైజు ఒకటి కావు.

ఇక చర్మం. పెద్దవాళ్లకు ఒంటి నిండా సుమారు 1.8 చదరపు మీటర్ల చర్మం ఉంటుంది. అడ్డుకునే పని దాదాపు అంతా చేసేది అన్నిటికన్నా పైనున్న పలచని పొర, స్ట్రాటమ్ కార్నియం. ముంజేతి మీద దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాను అంటే వెయ్యి నానోమీటర్లు), అంటే వెంట్రుక మందంలో నాలుగో వంతుకు మించదు. అందులో 15, 20 వరుసల చచ్చిన చర్మకణాలు కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్‌తో నిండి, బల్లపరుపుగా ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. వాటి మధ్య సందుల్ని, గోడలో ఇటుకల మధ్య సున్నం నింపినట్టు, కొవ్వు పూడ్చేసి ఉంటుంది. ఆ కొవ్వు బరువులో సుమారు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్టరాల్, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. ఈ కొవ్వు కూడా ముద్దలా ఉండదు. దాదాపు 13 నానోమీటర్లకు ఒక మడత చొప్పున పొరలు పొరలుగా అమరి ఉంటుంది. లోపలికి పోవాలంటే ఏ పదార్థమైనా ఈ మడతల మధ్య నుంచి వంకరటింకరగా దూరాలి.

ఎంత బరువున్న అణువు దూరగలదు? 2000 సంవత్సరంలో బాస్, మైనార్డి అనే ఇద్దరు నెదర్లాండ్స్ వైద్యులు దీనికి ఒక హద్దు సూచించారు: 500 డాల్టన్లు (ఒక డాల్టన్ అంటే సుమారు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు). చర్మానికి ఎలర్జీ పుట్టించేవి, పై పూత మందులుగా పనిచేసేవి, పట్టీలుగా అంటించేవి దాదాపు అన్నీ ఈ హద్దు లోపలే ఉన్నాయని వాళ్లు చూపించారు. పట్టీలుగా అంటించే నికోటిన్ 162, నైట్రోగ్లిజరిన్ 227, ఫెంటనిల్ 336. ఇప్పుడు 30 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ కణాన్ని తీసుకుని సాంద్రత 5.6 వేసి లెక్క కట్టండి. దాదాపు 5 కోట్ల డాల్టన్లు వస్తుంది. ఫార్మసీ విద్యార్థులు ఈ లెక్క ఇంటికి పోయాక సొంతంగా చేసి చూడండి, ఒకసారి చేస్తే మళ్లీ మరిచిపోరు.

ఇంకో విధంగా ఆలోచించండి. కరోనా ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో ఉన్నది 80, 100 నానోమీటర్ల కొవ్వు కణాలే. నానో కణం తోలు గుండా సులువుగా పోయేదే అయితే ఆ టీకాను ముంజేతికి పూసి పంపేవాళ్లం, సూది అవసరమే ఉండేది కాదు. ఇన్సులిన్ కూడా అంతే. ఆ అణువు 5,800 డాల్టన్లు, నానో కణం ముందు అది చాలా చిన్నది. దాన్ని చర్మం దాటించాలని ప్రపంచమంతా దశాబ్దాలుగా తంటాలు పడుతున్నా ఇంకా సూదే వాడుతున్నాం. మైక్రోనీడిల్ పట్టీలు వస్తున్నాయి గానీ, అవి చేసేది కూడా పై పొరకు సన్నటి రంధ్రాలు పెట్టడమే.

మన ఇళ్లలోనే దీనికి సాక్ష్యం ఉంది. ఆషాఢంలో ఆడపిల్లలు పెట్టుకునే గోరింటాకులో రంగునిచ్చేది లాసోన్ అనే అణువు, బరువు 174 డాల్టన్లు. ఆకు ముద్ద చర్మం మీదే ఉండిపోతుంది. అందులోంచి కరిగి వచ్చిన లాసోన్ పై పొరలోని కెరాటిన్‌కు అతుక్కుంటుంది. అరచేతిలో ఆ పొర మందం ఎక్కువ కాబట్టి బాగా పండుతుంది, ముంజేతి మీద అంత పండదు. ఆ పొర రాలిపోతుంటే రెండు మూడు వారాల్లో రంగూ పోతుంది. పాలమూరు పల్లెల్లో పెద్దమ్మల చేతుల మీద పచ్చబొట్టు చూశారు కదా, అది యాభై అరవై ఏళ్లయినా చెక్కుచెదరదు. ఎందుకంటే సూది ఆ మసి కణాల్ని పై పొర దాటించి కింది చర్మంలో పెట్టింది. అక్కడ రోగనిరోధక కణాలు వాటిని మింగి పట్టుకుని కూర్చుంటాయి. కొన్ని రంగు కణాలు అక్కడి నుంచి కూడా కదులుతాయి. పచ్చబొట్టు రంగుల్లోని నానో సైజు టైటానియం డయాక్సైడ్ శోషరస గ్రంథుల దాకా చేరుతుందని జర్మనీ, ఫ్రాన్స్ పరిశోధకులు 2017లో ఎక్స్‌రే పరీక్షలతో చూపించారు. అంటే పై పొర దాటాక కణాన్ని పూర్తిగా ఆపేవాడు లేడు. అడ్డంతా ఆ 10, 20 మైక్రాన్లలోనే ఉంది.

గోరింటాకు సంగతి వచ్చింది కాబట్టి ఆశా అక్కలు ఇది రాసుకోండి. ముద్ద పైనే ఉన్నా లాసోన్ కొద్దిగా రక్తంలోకి పోతుంది. జి6పిడి (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైము) లోపం ఉన్న పసిపిల్లలకు గోరింటాకు పెడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పురిటి బిడ్డలకు ముచ్చటగా కూడా పెట్టనివ్వకండి.

ఇదంతా ఎట్లా కొలుస్తారు? ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే నానో కణాల మీద ఒక పత్రిక పోతాయని, ఇంకోటి పోవని రాయడానికి సగం కారణం కొలతలోనే ఉంది. వాడే పరికరం ఫ్రాంజ్ సెల్, 1975 నుంచి ఉన్నది. రెండు గాజు గదులు, మధ్యలో బిగించిన చర్మం ముక్క. పైగదిలో మందు, కిందిగదిలో 7.4 పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) ఉన్న ఉప్పు ద్రావణం, దాంట్లో తిరుగుతూ ఉండే చిన్న అయస్కాంతం. చుట్టూ తొడుగులో వేడినీళ్లు తిప్పి చర్మం పైభాగం 32 డిగ్రీల దగ్గర ఉండేట్టు చూస్తారు. చర్మం ఆపరేషన్లలో తీసేసిన మనిషి పొట్ట చర్మం కావచ్చు, పంది చెవి చర్మం కావచ్చు. డెర్మటోమ్ అనే, చర్మాన్ని పలచగా కోసే పరికరంతో 200 నుంచి 400 మైక్రాన్ల మందం కోస్తారు. ఓఈసీడీ (దేశాల ఆర్థిక సహకార సంస్థ) 2004లో ఇచ్చిన 428వ మార్గదర్శకం ప్రకారం గట్టి పదార్థమైతే చదరపు సెంటీమీటరుకు 1 నుంచి 5 మిల్లీగ్రాములు, ద్రవమైతే 10 మైక్రోలీటర్ల దాకా వేస్తారు. మామూలుగా 24 గంటలు ఉంచుతారు. తర్వాత పైన మిగిలింది, టేపుతో ఒలిచిన పై పొరలో ఉన్నది, కింది చర్మంలో ఉన్నది, కిందిగదిలోకి దిగింది నాలుగూ విడివిడిగా కొలిచి కూడితే వేసినదానికి దగ్గరగా రావాలి. రాకపోతే ఎక్కడో పోగొట్టుకున్నట్టే. ఆ ప్రయోగాన్ని నమ్మకూడదు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది చర్మమే. ఎలుక చర్మం మనిషి చర్మం కన్నా చాలా పలచన. దాంట్లోంచి దాటిన కణాన్ని చూసి మనిషిలో దాటుతుందని రాయకూడదు. ఫ్రీజర్‌లో పెట్టి తీసి మళ్లీ పెట్టిన చర్మంలో పై పొర చిట్లుతుంది, కంటికి కనిపించదు. అందుకే ప్రయోగానికి ముందు విద్యుత్ నిరోధం కొలిచో, నీటి ఆవిరి ఎంత పోతోందో చూసో ముక్క బాగుందని తేల్చుకోవాలి. రెండోది, చర్మం కింద గాలి బుడగ. బుడగ ఉన్నమేర చర్మం ద్రావణాన్ని తాకదు, కాబట్టి ఏమీ దిగలేదనే తప్పుడు ఫలితం వస్తుంది. సెల్‌ను పక్కకు వంచి బుడగ తీసేయాలి. మూడోది కోత. చర్మాన్ని సన్నగా కోసి మైక్రోస్కోపు కింద చూసేటప్పుడు బ్లేడు పైనుంచి కిందికి వస్తే పైన ఉన్న కణాల్ని తనే లోపలికి ఈడ్చుకుపోతుంది. ఫొటోలో కణాలు లోతుగా కనిపిస్తాయి, నిజానికి అవి అక్కడికి పోలేదు. కోత ఎప్పుడూ లోపలి నుంచి పైకి రావాలి.

అన్నిటికన్నా పెద్దది నాలుగోది. లోహాన్ని కొలవడానికి ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్ వాడతారు. ఆ యంత్రం నమూనాను వేల డిగ్రీల ప్లాస్మాలో మండించి జింక్ ఎంతుందో, వెండి ఎంతుందో చెబుతుంది. అది కణంగా వచ్చిందో, కరిగి అయానుగా వచ్చిందో చెప్పదు. కిందిగదిలో వెండి కనిపించగానే వెండి నానో కణాలు చర్మం దాటాయని రాసేస్తే అది తొందరపాటు. పక్కన అదే లోహం కరిగే ఉప్పుతో ఇంకో సెల్ నడపాలి. దిగిన ద్రావణాన్ని సన్న రంధ్రాల ఫిల్టరులో వేసి తిప్పాలి, అయాను దాటుతుంది, కణం ఆగుతుంది. ఈ రెండూ చేయని పేపరు మీ ముందుకొస్తే మొదట పద్ధతుల భాగం చదవండి, ముగింపు తర్వాత.

సన్‌స్క్రీన్ విషయంలో అందరూ చెప్పుకునే ప్రయోగం ఆస్ట్రేలియాది, 2010లో అచ్చయింది. మన ఒంట్లో ఎలాగూ 2, 3 గ్రాముల జింక్ ఉంటుంది. క్రీము నుంచి వచ్చిన జింక్ ఏదో, తిండి నుంచి వచ్చిందేదో ఎట్లా తెలుస్తుంది? మాక్వారీ విశ్వవిద్యాలయం పరిశోధకులు జింక్-68 ఐసోటోపుతోనే (జింకే, పరమాణువు బరువు మాత్రం వేరు) జింక్ ఆక్సైడ్ తయారు చేయించారు. ప్రకృతిలో దొరికే జింక్‌లో ఆ ఐసోటోపు అయిదో వంతు కూడా ఉండదు, కాబట్టి దాని పాలు పెరిగితే క్రీముదేనని తేలుతుంది. సిడ్నీ సముద్రతీరంలో 20 మందికి 5 రోజులు, రోజుకు రెండుసార్లు పూశారు. రక్తంలో జింక్-68 కనిపించింది. ఎంత? రక్తంలో ఎప్పుడూ ఉండే మొత్తం జింక్‌లో సుమారు వెయ్యో వంతు. అది కణంగా వచ్చిందా, కరిగి వచ్చిందా అని ఆ ప్రయోగం తేల్చలేదు, వాళ్లే ఆ మాట రాశారు. కానీ చర్మం పైన పీహెచ్ 4.5 నుంచి 5.5 దాకా, అంటే పుల్లగా ఉంటుంది, జింక్ ఆక్సైడ్ అందులో మెల్లగా కరుగుతుంది. పెద్దవాళ్లకు రోజూ తిండిలో కావాల్సిన జింక్ 8 నుంచి 11 మిల్లీగ్రాములు. క్రీము నుంచి వచ్చేది దాని ముందు లెక్కలోకి రాదు. టైటానియం డయాక్సైడ్ అసలు కరగదు, పై పొర పైనా, చర్మం గీతల్లోనే ఉండిపోతుంది. యూరప్ శాస్త్రీయ కమిటీ ఈ రెండింటినీ సన్‌స్క్రీన్‌లో 25 శాతం దాకా వాడొచ్చని 2012, 2013లో చెప్పింది. కానీ ఒక షరతు పెట్టింది: పీల్చే అవకాశం ఉన్న స్ప్రేలలో వద్దని. ఈ షరతు గుర్తుంచుకోండి, మళ్లీ దీనికే వస్తాను.

వెండి లెక్క వేరు. 2009లో ఇటలీలోని ట్రియెస్టే విశ్వవిద్యాలయంలో 25 నానోమీటర్ల వెండి కణాల్ని మనిషి చర్మం మీద 24 గంటలు ఉంచారు. బాగున్న చర్మం గుండా చదరపు సెంటీమీటరుకు 0.46 నానోగ్రాములు దిగింది. గీరి దెబ్బతీసిన చర్మం గుండా 2.32, అంటే అయిదు రెట్లు. వేసింది 70 మైక్రోగ్రాములు. దెబ్బతిన్నదాంట్లో కూడా దిగింది ముప్పై వేలలో ఒక వంతే అనుకోండి. కానీ ఒంటి మీద కాలిన గాయం పెద్దదైతే ఈ లెక్క మారిపోతుంది, అక్కడ పై పొర అసలే ఉండదు. శరీరంలో 30 శాతం కాలిన ఒకరికి నానో వెండి కట్లు కడితే ముఖం బూడిద రంగుకు తిరిగి, కాలేయం ఎంజైములు పెరిగి, కట్లు తీసేశాక సర్దుకున్నట్టు 2006లో ఆస్ట్రియా వైద్యులు రాశారు. వెండి కట్టు మంచిది కాదని కాదు, చీము పట్టకుండా చాలా మందిని కాపాడుతుంది. పెద్ద గాయానికి ఎన్నాళ్లు కట్టాలో డాక్టరు లెక్క చూసుకోవాలి, అంతే.

ఇదే ట్రియెస్టే బృందం 2015లో అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి ఒక అంచనా ఇచ్చింది. 4 నానోమీటర్ల లోపు కణం బాగున్న చర్మం కూడా దాటగలదు. 4 నుంచి 20 దాకా ఉన్నవి దాటే అవకాశం ఉంది. 21 నుంచి 45 దాకా ఉన్నవి చెడిన చర్మం గుండానే పోతాయి. 45 దాటితే బాగున్నా చెడినా పోవు. ఇది కరగని, గట్టి కణాలకు. లోహం కరిగేదైతే ఈ పట్టిక పనికిరాదు.

అందుకే, చెడిన చర్మం అంటే ఏమిటో మన పనుల్లో చూద్దాం, నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. నాట్లు వేసే ఆడవాళ్లకు పొద్దంతా నీళ్లలో ఉండి వేళ్ల సందుల్లో తోలు నాని తెల్లబడి ఊడుతుంది. నానిన పై పొర ఉబ్బి, కొవ్వు మడతల అమరిక చెదురుతుంది. పోచంపల్లి వైపు అద్దకం పనిలో కాస్టిక్ సోడా, హైడ్రోస్ కలిపిన రంగు నీళ్లలో వట్టి చేతులు పెడతారు, క్షారం ఆ కొవ్వును కరిగించేస్తుంది. మెకానిక్కులు, పెయింటర్లు పని అయ్యాక చేతులు కిరోసిన్‌తోనో థిన్నరుతోనో కడుక్కుంటారు. మురికి పోతుంది, దాంతో పాటు సెరమైడ్లూ పోతాయి. ఇట్లా పోయిన కొవ్వు మళ్లీ పూర్తిగా కుదురుకోవడానికి పెద్దవాళ్లలో మూడు రోజుల దాకా పడుతుంది. రోజూ కడిగితే అది ఎన్నడూ కుదురుకోదు. మన ఏప్రిల్, మే ఎండలకు కమిలిన చర్మం సంగతి చూస్తే, యూవీబీ (ఎండలోని ఒక రకం అతినీలలోహిత కిరణాలు) తగిలించిన పంది చర్మం మీద 2011లో చేసిన ప్రయోగంలో సన్‌స్క్రీన్ కణాలు పై పొరలో మామూలుకన్నా కాస్త లోతుకు పోయాయి, చర్మం దాటింది మాత్రం నామమాత్రం. పదే పదే వంగే చోట, అంటే మణికట్టు దగ్గర, ముడతల్లోంచి అర మైక్రాను, ఒక మైక్రాను పూసలు జీవకణాల పొర దాకా దిగినట్టు 2003లో ఒక అమెరికా ప్రయోగం చూపించింది. కదలకుండా ఉంచిన చర్మంలో దిగలేదు. అంటే పైన చెప్పిన సైజుల పట్టిక పదే పదే వంగే చోటికి అట్లాగే సరిపోదు.

వెంట్రుక కుదుళ్ల గురించి ఒక మాట. నుదుటి మీద చదరపు సెంటీమీటరుకు 290 దాకా కుదుళ్లు ఉంటాయి, పిక్కల మీద పదిహేను దాకా. విచిత్రం ఏమిటంటే వీటిలోకి మరీ చిన్న కణాల కన్నా 300 నుంచి 600 నానోమీటర్ల కణాలే లోతుగా పోతాయి. మర్దన చేస్తే వెంట్రుక కదిలి, దాని మీది పొలుసులు కణాల్ని కిందికి నెడతాయి. ఆ పొలుసుల మందం కూడా దాదాపు ఆ సైజే. బెర్లిన్ ప్రయోగాల్లో 320 నానోమీటర్ల కణాలు కుదుట్లో 10 రోజుల దాకా ఉన్నాయి. ఉన్నాయంటే రక్తంలోకి పోయాయని కాదు. సెబమ్ (చర్మం వదిలే నూనె) ప్రవాహం, పెరిగే వెంట్రుక వాటిని మెల్లగా బయటికి తోసేస్తాయి. మొటిమల మందు, జుట్టు ఊడే మందు కుదుట్లో నిలవ ఉంచడానికి ఫార్మసీ వాళ్లు ఇదే దారి వాడుతున్నారు.

ఇక పొలం. మనం కొట్టే పురుగుమందు నానో కణం కాదు. అది కరిగిన చిన్న అణువు. మొన్నటిదాకా కొట్టిన మోనోక్రోటోఫాస్ 223 డాల్టన్లు, క్లోర్‌పైరిఫాస్ 350. రెండూ 500 హద్దు లోపలే. క్లోర్‌పైరిఫాస్‌కు కొవ్వంటే ఇష్టం, పైగా ఈసీ (నీళ్లలో పాలలా కలిసే చిక్కటి మందు) అని రాసి ఉండే డబ్బాలో అది జైలీన్ లాంటి ద్రావకంలో కరిగి ఉంటుంది, ఆ ద్రావకం చర్మపు కొవ్వును సడలిస్తుంది. నానో కణానికి ఏవైతే అడ్డమో, దీనికి అవన్నీ దారులు. ఒంట్లో ఏ చోట ఎంత పోతుందో పారాథియాన్ అనే పురుగుమందుతో 1971లో కొలిచారు. ముంజేతిని 1 అనుకుంటే, అరచేయి 1.3, పొట్ట 2.1, నుదురు 4.2, చంక 7.4, వృషణాల సంచి 11.8. ఇప్పుడు కారే పంపు ఊహించుకోండి. 16 లీటర్ల ట్యాంకు మూత వాషరు అరిగి, వంగినప్పుడల్లా మందు నీళ్లు వీపు మీది నుంచి నడుము కిందికి, లుంగీ లోపలికి దిగుతాయి. సరిగ్గా ఆ దాదాపు పన్నెండు రెట్లు పీల్చే చోటికే. ఎండకు చెమట, తడిసిన బట్ట ఒంటికి అంటుకుని సాయంత్రం దాకా ఉంటుంది. ఆ తడి బట్టే అన్నిటికన్నా పెద్ద విషపు పట్టీ.

ఏం చేయాలంటే, చేన్లోకి పోకముందు ట్యాంకులో వట్టి నీళ్లు పోసి, మూత బిగించి, వంచి చూడండి. చుక్క పడితే వాషరు మార్చండి. మందు కలిపేటప్పుడే ప్రమాదం ఎక్కువ, డబ్బాలో ఉన్నది చిక్కటి మందు. నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) చేతితొడుగులు వేసుకోండి, బట్టవీ తోలువీ వద్దు, అవి మందును పీల్చుకుని పట్టి ఉంచుతాయి. పత్తి, వరి లాంటి కింది పంటకు కొట్టేటప్పుడు చొక్కా చేయి తొడుగు పైకి రావాలి. బత్తాయి చెట్టుకు పైకి కొట్టేటప్పుడు చొక్కా చేయి తొడుగు లోపల ఉండాలి, లేకుంటే కారిన మందు మోచేతి దాకా లోపల్నుంచే దిగుతుంది. తొడుగు తీసేముందు దాన్ని వేసుకునే ఉండి సబ్బుతో కడగండి. ఒంటి మీద పడితే బట్ట విప్పేసి 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడగాలి, గట్టిగా గీరి రుద్దొద్దు, కిరోసిన్ అసలే వద్దు. గడ్డి మందు పారాక్వాట్ బాగున్న చర్మం గుండా ఎక్కువ పోదు, కానీ గోకిన చోట, ఒరుసుకుపోయిన చోట తడి బట్టతో గంటల తరబడి ఉంటే పోయి ప్రాణం తీసిన సంఘటనలు ఉన్నాయి. దానికి విరుగుడు మందు లేదు.

నానో కణాలకు అసలు దారి ఊపిరితిత్తులు. 20 నానోమీటర్ల కణాన్ని పీలిస్తే దాదాపు సగం గాలి గదుల్లోనే నిలుస్తుందని అంతర్జాతీయ లెక్కలు. అందుకే యూరప్ ఆ స్ప్రే షరతు పెట్టింది. టైటానియం డయాక్సైడ్ పొడి పీల్చడం క్యాన్సర్ తేవచ్చని 2006లో అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ అనుమానితుల జాబితాలో చేర్చింది. తువ్వాల ముక్కుకు చుట్టుకుంటే ఈ కణాలు ఆగవు, ఎన్95 కావాలి.

ఇక మీ ప్రశ్నలు.

*సర్, నానో యూరియా చేతుల మీద పడుతుంది, ఏమన్నా అవుతుందా?*

యూరియా అణువు 60 డాల్టన్లు, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. కాళ్ల పగుళ్లకు రాసే క్రీముల్లో 10 నుంచి 40 శాతం యూరియానే ఉంటుంది. లీటరుకు 2 నుంచి 4 మిల్లీలీటర్లు కలిపిన నానో యూరియా చర్మం మీద పడితే కడుక్కుంటే చాలు. కానీ చాలామంది అదే ట్యాంకులో పురుగుమందు కూడా కలిపి కొడుతున్నారు, అప్పుడు పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. పంటకు లాభమెంత అన్నది వేరే చర్చ.

*సిమెంటు పనిలో చేతులు పగులుతాయి, అది కణాలు పోవడం వల్లేనా?*

కాదమ్మా. తడి సిమెంటు పీహెచ్ 12 దాటుతుంది, ముందు ఆ క్షారం తోలును కాలుస్తుంది. తర్వాత సిమెంటులో కొద్దిగా ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం కరిగి, ఆ కాలిన చోటు నుంచి దిగి ఎలర్జీ పుట్టిస్తుంది. ఒకసారి ఆ ఎలర్జీ పుడితే తర్వాత కొద్దిగా తగిలినా చేతులు పగులుతాయి. యూరప్‌లో 2005 నుంచి సిమెంటులో కరిగే ఆ క్రోమియం పది లక్షల్లో 2 పాళ్లు మించకూడదని నియమం ఉంది. మేస్త్రీలు, కూలీలు రబ్బరు తొడుగులు వేసుకోవాలి, తొడుగు లోపలికి తడి సిమెంటు పోతే వెంటనే తీసి కడగాలి. లోపల తడితో ఉంచుకుంటే వట్టి చేతికన్నా ఎక్కువ నష్టం.

*మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. స్నానం చేస్తే ఎముకలకు పడుతుందా?*

పట్టదు. ఫ్లోరైడ్ విద్యుదావేశం ఉన్న అయాను, చుట్టూ నీటి అణువుల్ని కప్పుకుని ఉంటుంది, కొవ్వు మడతల్లోంచి దాదాపు పోదు. నీళ్లలో ఉండే మోతాదుకు స్నానం, బట్టలు ఉతకడం గురించి భయం వద్దు. తాగే నీళ్లు, వంట నీళ్లు, చాయ్ నీళ్లు చూసుకోండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

*తెల్లగా అవ్వడానికి రాసుకునే క్రీముల్లో నానో ఉంటుందంటున్నారు?*

నానో సంగతి పక్కన పెట్టి అందులో పాదరసం ఉందేమో చూడు తల్లీ. బిల్లు లేకుండా, తయారీదారు చిరునామా లేకుండా అమ్మే కొన్ని క్రీముల్లో పాదరసం లవణాలు కలుపుతారు. అవి చర్మం గుండా పోయి మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. మన దేశం నియమాల ప్రకారం క్రీములో అనుకోకుండా వచ్చేది కూడా పది లక్షల్లో 1 పాలు మించకూడదు.

*మా కాలేజీలో అంత పెద్ద యంత్రాలు లేవు. ఈ ప్రయోగం మేం చేయగలమా?*

చేయొచ్చు. పంది చెవి తెచ్చుకోండి, కానీ వేడినీళ్లలో ముంచకముందే కోసి ఇవ్వమని ముందుగా చెప్పి పెట్టుకోవాలి. వెంట్రుకలు తీయడానికి జంతువును మరిగే నీళ్లలో ముంచుతారు, అట్లా ముంచిన చెవిలో పై పొర పాడై ఉంటుంది, ఏది వేసినా దిగిపోతుంది. చల్లటి నీళ్లతో కడిగి, వెంట్రుకలు కత్తెరతో కత్తిరించండి, గీయొద్దు. మెరిసే రంగున్న పాలీస్టైరీన్ పూసలు వాడేట్టయితే పక్కన ఇంకో ముక్క మీద పూసలు లేకుండా వట్టి రంగు ద్రావణం కూడా వేయండి. పూసల డబ్బాలోని ద్రావణాన్ని తిప్పి పైన తేరిన నీళ్లలో రంగు ఊడి వచ్చిందేమో ముందే చూసుకోండి. 24 గంటల తర్వాత టేపు 20 సార్లు అంటించి ఒలవండి. ప్రతిసారీ ఒకే బరువుతో, ఒకే చోట, టేపును ఒకే వైపుకు లాగాలి. మొదటి టేపును విడిగా పెట్టండి, అందులో వచ్చేది ఎక్కువగా పైన మిగిలిన కణమే. చివరి టేపుల్లో మెరుపు కనిపిస్తే ఆ ముక్కను అడ్డంగా కోసి, అది చర్మం గీతల్లో ఉందో, కుదుళ్లలో ఉందో, నిజంగా లోపలికి దిగిందో మైక్రోస్కోపు కింద చూసి, ఏ చోట ఎన్ని కోతల్లో కనిపించిందో రికార్డులో విడిగా రాయండి.